చిత్రానికి మాట తోడు

మన కళాశాల వార్షిక సంచికకు రెండు ముఖద్వారాలు. ఒక అట్ట తెరిస్తే తెలుగు వ్యాసాలు ఎడమనుంచి కుడికి సాగుతాయి. పుస్తకాన్ని తిరగవేసి రెండవ అట్ట తెరిస్తే ఉర్దూ రచనలు కుడినుంచి ఎడమకు నడుస్తాయి. నడుమ ఎక్కడో రెండు భాషలూ కలుసుకొంటాయి. ఇట్టి సంచికను వెబ్‌సైటులోకి ఎక్కించవలసి వచ్చినప్పుడు మనవారు సాధారణంగా అవలంబించే సులభమార్గం ఒకటి ఉంది. ప్రతి పుటనూ ఫొటో తీసి, ఆ బొమ్మలనే తెరమీద ఉంచడం. చూడడానికి అది అచ్చు పుట వలెనే ఉంటుంది. అక్షరం చెదరదు, పని ఒక పూటలో ముగుస్తుంది. అయితే ఆ తెరమీద ఉన్నది అక్షరమా, అక్షరపు నీడా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ప్రస్తుత వ్యాసోద్దేశం.

మేమెరిగిన విద్యార్థి ఒకడున్నాడు. అతనికి చూపు లేదు. తెరమీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడరు అనే సాధనం సహాయంతో చేతిఫోనులోనే పాఠాలు, పత్రికలు, ఉత్తరాలు అన్నీ చదువుకొంటాడు. అతడు చదివే కళాశాల వెబ్‌సైటులో ఒకనాడు ఉపకారవేతనాల ప్రకటన వెలువడింది. కార్యాలయంవారు టైపు చేసిన కాగితాన్ని ఫొటో తీసి పెట్టారు. అతని ఫోను ఆ పుటలో చదివి వినిపించినది ఇంతమాత్రమే: "ఐఎంజీ 2041, చిత్రం." దరఖాస్తు గడువు ఆ చిత్రంలో ఉంది. తోటి విద్యార్థి చదివి చెప్పేసరికి గడువు దాటి రెండు రోజులైంది. ఎవరూ అతనికి అపకారం తలపెట్టలేదు. ఒక్క వాక్యం వ్రాయడం మరచిపోయారు, అంతే. ఆ మరపు ఖరీదు ఒక విద్యార్థికి ఒక సంవత్సరపు ఉపకారవేతనం.

అదే ప్రకటనను చూపున్న మరొక విద్యార్థి సెర్చి ఇంజనులో వెదికినా దొరకడం కష్టమే. ఏమంటే సెర్చి ఇంజను కూడ ఒక విధంగా చూపులేని పాఠకుడే. అది చక్కగా చదవగలిగేది అక్షరాన్ని. కనుక అంధ పాఠకునికి దారి చూపించే పని, వెదికే పాఠకునికి విషయాన్ని అందించే పని వేరువేరు కావు. ఒకే దీపం రెండు గదులకూ వెలుగునిస్తుంది.

బొమ్మలో బందీ అయిన అక్షరం

మన రెండు భాషలూ ఈ చిక్కులో ఎందుకు పడ్డాయో ముందుగా తెలుసుకోవాలి. ఉర్దూవారికి ప్రియమైన లిపిరీతి నస్తాలీఖ్. అందులో పదం సరళరేఖ మీద కూర్చోదు. కుడిపై మూలనుంచి ఎడమక్రిందికి ఏటవాలుగా జారుతుంది. ప్రక్క అక్షరాన్నిబట్టి ప్రతి అక్షరమూ రూపం మార్చుకొంటుంది. ఇట్టి లిపిని విడివిడి సీసపు అచ్చులలో ఇమిడ్చడం దుస్సాధ్యమైంది. అందువల్లనే ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబుల చేతివ్రాతతో, రాతి అచ్చుతో వెలువడ్డాయి. మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20,000 అక్షరసముదాయాలను స్వహస్తంతో వ్రాయగా, ఇంగ్లండుకు చెందిన మోనోటైప్ సంస్థ సహకారంతో నూరీ నస్తాలీఖ్ అవతరించింది. 1981లో లాహోరులో జంగ్ దినపత్రిక ఆ అక్షరాలతో వెలువడడం ఉర్దూ ముద్రణ చరిత్రలో ఒక మైలురాయి.

అయితే అచ్చుయంత్రానికి లొంగిన నస్తాలీఖ్ వెబ్‌సైటుకు వెంటనే లొంగలేదు. చదివేవారి కంప్యూటరులో ఆ లిపి లేకపోతే అక్షరాలు కనబడవు. కనుక 1990లలో, 2000 తరువాతి తొలి సంవత్సరాలలో అనేక ఉర్దూ వెబ్‌సైట్లు వార్తలను బొమ్మలుగా మార్చి ప్రకటించాయి. అందం నిలిచింది, కాని అక్షరం బందీ అయింది.

తెలుగు కథ మరొక విధం. ఒక్కొక్క ప్రచురణకర్త ఒక్కొక్క సొంత ఖతిని తయారుచేయించుకొన్నాడు. వాటిలో లోపల ఉన్నవి ఆంగ్ల అక్షరాల సంకేతాలే. పైకి మాత్రం తెలుగు ఆకృతులు తొడిగారు. ఆ ఖతి ఉన్న కంప్యూటరులో అది చక్కని తెలుగు, లేనిచోట అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపు. సెర్చి ఇంజనుకు, స్క్రీన్ రీడరుకు ఎప్పుడూ కనిపించేది ఆ గుంపే. గుణింతాలు, వత్తులు చెదరకూడదనుకొన్నవారు చివరకు బొమ్మనే ఆశ్రయించారు.

ఈ చిక్కుకు విరుగుడు యూనికోడ్. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ స్థిరమైన సంఖ్యలు కేటాయించే ఈ పద్ధతి 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు చోటు కల్పించింది. ఉర్దూ అక్షరాలు అరబీ లిపి విభాగంలో చేరాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఖతి ఉంది. 2014లో గూగుల్ సంస్థ నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఖతిని ఉచితంగా విడుదల చేసింది. కనుక "లిపి కుదరదు, బొమ్మే గతి" అనే వాదానికి నేడు బలం లేదు. కారణం తొలగిపోయినా అలవాటు మాత్రం తొలగలేదు. మన ప్రకటనలు, ప్రవేశపత్రాల వివరాలు, పరీక్షల పట్టికలు నేటికీ బొమ్మలుగానే వెలువడుతున్నాయి.

యంత్రం చిత్రాన్ని చూసే తీరు

వెబ్‌సైటు పుట ప్రధానంగా అక్షరాలతో వ్రాసిన ఒక దస్తావేజు. చిత్రం దానిలో ఇమిడి ఉండదు. "ఫలానా చోట ఫలానా చిత్రాన్ని ఉంచు" అనే ఆజ్ఞ మాత్రమే ఉంటుంది. ఈ ఆజ్ఞను 1993లో మార్క్ ఆండ్రీసన్ ప్రతిపాదించాడు. ఆ యేటనే మొజాయిక్ బ్రౌజరు ద్వారా అక్షరాల మధ్య చిత్రాలు కనిపించసాగాయి. చిత్రం రాకపోతే, లేదా చూడడానికి వీలుకాకపోతే, దాని స్థానంలో చదువుకోదగిన మాటలు ఉండాలన్న ఆలోచన కూడ అంతే పాతది. 1995 నవంబరులో ప్రకటితమైన హెచ్‌టీఎంఎల్ రెండవ కూర్పులోనే ఆ మాటలకు "ఆల్ట్" అనే స్థానం ఏర్పడింది. దీనినే ప్రత్యామ్నాయ వచనం అనవచ్చు. చూసే పాఠకునికి అది మామూలుగా కనిపించదు. వినే పాఠకునికి మాత్రం అదే చిత్రం.

స్క్రీన్ రీడరు పుటను వరుసగా చదువుతూ చిత్రం ఎదురైనప్పుడు "చిత్రం" అని చెప్పి, ఆల్ట్ వచనాన్ని వినిపిస్తుంది. ఆ వచనం లేకపోతే కొన్ని సాధనాలు చిత్రపు ఫైలు పేరునే చదువుతాయి. మన విద్యార్థి విన్న "ఐఎంజీ 2041" అట్టిదే. ఇట్టి సాధనాలు నేడు అరుదైనవి కావు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో ప్రారంభించిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడరు ఉచితంగా లభిస్తున్నది. దానితో పనిచేసే ఈస్పీక్ అనే గొంతు తెలుగును, ఉర్దూను కూడ పలుకుతుంది.

సెర్చి ఇంజను విషయానికి వస్తే, గూగుల్ సంస్థ చిత్రాల వెదకులాటను 2001లో ప్రారంభించింది. ఒక చిత్రం దేనిని గురించినదో నిర్ణయించడానికి అది ఆల్ట్ వచనాన్ని, చిత్రం చుట్టూ ఉన్న వాక్యాలను, పుట శీర్షికను, చిత్రం క్రింది వ్యాఖ్యను, ఫైలు పేరును పరిశీలిస్తుంది. నేటి యంత్రాలు చిత్రంలోని వస్తువులను కొంతవరకు స్వయంగా గుర్తిస్తున్న మాట నిజమే. అచ్చక్షరాల బొమ్మనుంచి అక్షరాలను తిరిగి రాబట్టగలవన్నదీ నిజమే. కాని ఏటవాలు నస్తాలీఖ్ ముందు, మసక ఫొటోలోని తెలుగు వత్తుల ముందు అవి తరచు పొరబడతాయి. గడువు తేదీలో ఒక్క అంకె తప్పినా చదివినట్లు కాదు. పైగా చిత్రంలో ఎవరున్నారో, ఆ చిత్రాన్ని ఇక్కడ ఎందుకు ఉంచారో యంత్రానికి తెలియదు. అది తెలిసినవాడు పుటను కూర్చినవాడే. కనుక యంత్రం సూచించిన వర్ణనను చిత్తుప్రతిగా గ్రహించవచ్చునే కాని, సరిచూడకుండా ప్రకటించరాదు.

ప్రత్యామ్నాయ వచనం వ్రాసే విధానం

చిత్రంలో ఉన్న ప్రతిదీ వర్ణించాలా? అక్కరలేదు. ఆ చిత్రం ఆ పుటలో ఏ పని చేస్తున్నదో ఆ పనిని మాట చేయాలి. దూరవాణిలో మిత్రునికి ఆ పుటను చదివి వినిపిస్తున్నామనుకొందాం. చిత్రం వచ్చినచోట ఏమి చెబుతామో అదే సరియైన ఆల్ట్ వచనం.

ఉదాహరణకు 1591లో నిర్మితమైన చార్మినార్ ఛాయాచిత్రాన్ని తీసుకొందాం. చిత్రం ఒకటే, సందర్భాలు మూడు. చరిత్ర పాఠంలో అయితే, "చార్మినార్: నాలుగు దిక్కులకు నాలుగు ఎత్తైన కమానులు, నాలుగు మూలల నాలుగు మీనార్లు" అనాలి. పాతబస్తీ జనజీవనాన్ని గురించిన వ్యాసంలో అయితే, "చార్మినార్ ముందరి వీధిలో గాజుల బండ్లు, వాటి నడుమ కిక్కిరిసిన జనం" అనాలి. ఆ చిత్రాన్ని నొక్కితే దారి చూపే పటం తెరుచుకొనేటట్లయితే, "చార్మినార్‌కు దారి" అంటే చాలు. మొదటి రెండింటిలోనూ విషయం ముఖ్యం, మూడవదానిలో క్రియ ముఖ్యం. భూతద్దం గుర్తుకు "భూతద్దం" అని వ్రాస్తే వినేవానికి ప్రయోజనం లేదు. "వెదకండి" అని వ్రాయాలి.

ఇక కొన్ని నియమాలు. "ఇది ఒక చిత్రం" అని ప్రారంభించనక్కరలేదు, ఆ మాట సాధనమే చెబుతుంది. ఒకటి రెండు వాక్యాలకు మించకుండా, ముఖ్యమైన మాట ముందు వచ్చేటట్లు వ్రాయాలి. చిత్రం క్రింద వ్యాఖ్య ఉంటే దానినే మళ్ళీ వ్రాయరాదు, వినేవాడు ఒకే మాట రెండుసార్లు వినవలసి వస్తుంది. అంచులలోని లతలు, పూలు, గీతలు వంటి కేవలాలంకారాలకు ఆల్ట్ స్థానాన్ని ఉంచి, దానిని ఖాళీగా వదలాలి. అప్పుడు సాధనం దానిని మౌనంగా దాటిపోతుంది. స్థానమే లేకపోవడం, స్థానం ఉండి ఖాళీగా ఉండడం ఒకటి కావు. మొదటిది నిర్లక్ష్యం, రెండవది "ఇందులో చెప్పవలసినది లేదు" అనే స్పష్టమైన సమాచారం.

గణాంకాల పటాలకు ఒక్క వాక్యం చాలదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగుల సంఖ్య 2.68 కోట్లు. వారిలో దృష్టిలోపం ఉన్నవారు సుమారు 50.3 లక్షలు, వినికిడి లోపం ఉన్నవారు 50.7 లక్షలు, కదలికలో లోపం ఉన్నవారు 54.4 లక్షలు. ఈ అంకెలను స్తంభాల పటంగా గీసినప్పుడు ఆల్ట్ వచనంలో "వైకల్య భేదాలనుబట్టి జనసంఖ్య, 2011, వివరాలు క్రింది పట్టికలో" అని సూచించి, క్రింద అక్షరాలతో పట్టిక ఇవ్వాలి. ఆ పట్టిక చూపున్నవారికీ ఉపకరిస్తుంది, సెర్చి ఇంజనుకూ అందుతుంది. పటంలో రంగుల భేదం ఒక్కటే ఆధారంగా ఉండరాదు. రంగులను వేరుపరచి చూడలేనివారు మన తరగతులలోనూ ఉంటారు.

వెదకులాటలో ముందు వరుసలో నిలవాలన్న ఆశతో కొందరు ఆల్ట్ స్థానంలో "కళాశాల, ఉత్తమ కళాశాల, హైదరాబాదు కళాశాల, ప్రవేశాలు, ఫీజులు" అంటూ మాటల బస్తా కుమ్మరిస్తారు. ఇది ఉభయభ్రష్టత్వం. వినేవానికి విసుగు, సెర్చి ఇంజనుకు అనుమానం. నిజాయితీగల ఒక్క వాక్యమే రెండు చోట్లా మన్నన పొందుతుంది.

ఉర్దూ పాఠకుల మనసులో ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు: "అయితే ఖత్తాతీ కళకు ఇక చోటు లేదా?" తప్పక ఉంది. ఒక షేర్‌ను కాతిబు అందంగా వ్రాస్తే ఆ చిత్రాన్ని ఉంచవలసినదే. కాని దాని ప్రక్కనే ఆ పంక్తులను యూనికోడ్ అక్షరాలతో ఇవ్వాలి. చూసేవారు కళను చూస్తారు, వినేవారు కవిత్వాన్ని వింటారు. ఇద్దరికీ అందేది ఒకే షేర్.

భాషాసూచన మరువరాదు. పుట తెలుగులో ఉన్నదని, ఈ భాగం ఉర్దూ అని, అది కుడినుంచి ఎడమకు సాగుతుందని హెచ్‌టీఎంఎల్‌లో చిన్న గుర్తులతో తెలుపవచ్చు. ఆ గుర్తు లేకపోతే స్క్రీన్ రీడరు తెలుగును ఆంగ్లపు గొంతుతో పలికే ప్రమాదం ఉంది. ఆల్ట్ వచనం కూడ పుట భాషలోనే ఉండాలి.

పేరు, చోటు, పరిసరం

చిత్రానికి పేరు పెట్టడం బిడ్డకు పేరు పెట్టినంత కష్టం కాకపోయినా కొంత ఆలోచన కావాలి. కెమేరా ఇచ్చిన అంకెల పేరు ఎవరికీ ఏమీ చెప్పదు. "చార్మినార్-ఉత్తర-ద్వారం" వంటి పేరు ఎంతో కొంత చెబుతుంది. మాటల మధ్య చిన్న అడ్డగీత వాడాలి. క్రిందిగీత వాడితే సెర్చి ఇంజను మాటలను విడదీసి గ్రహించకపోవచ్చు. చిత్రాన్ని దానికి సంబంధించిన పేరా ప్రక్కనే ఉంచాలి. చిత్రానికి, వ్యాఖ్యకు గల సంబంధాన్ని తెలిపే ప్రత్యేకమైన గుర్తులు హెచ్‌టీఎంఎల్ అయిదవ కూర్పులో ఉన్నాయి, వాటిని వాడాలి. పుటకు వెనుకతెరగా అమర్చిన చిత్రాలను గూగుల్ చిత్రాల పట్టికలో చేర్చుకోదు. వాటికి ఆల్ట్ స్థానం కూడ ఉండదు. కనుక ముఖ్యమైన చిత్రాన్ని వెనుకతెరగా వాడరాదు.

మరొక మాట. చేతిఫోనుతో తీసిన ఫొటోలో తీసిన స్థలపు వివరం కంటికి కనబడకుండా నిక్షిప్తమై ఉండవచ్చు. విద్యార్థుల, ముఖ్యంగా విద్యార్థినుల, ఛాయాచిత్రాలను ప్రకటించే ముందు వారి అనుమతి పొందడం, ఆ గుప్తవివరాలను తొలగించడం సంస్థ బాధ్యత.

చిత్రపు బరువు

ఇక మూడవ అంశం వేగం. నేటి ఫోను తీసే ఫొటో తరచు 4,000 పిక్సెళ్ళ వెడల్పు, 3,000 పిక్సెళ్ళ ఎత్తు ఉంటుంది. అంటే మొత్తం 1.2 కోట్ల పిక్సెళ్ళు. పుటలో దానికి కేటాయించిన చోటు 800 వెడల్పు, 600 ఎత్తు అనుకొంటే కావలసినవి 4.8 లక్షలు మాత్రమే. అనగా కావలసినదానికి 25 రెట్లు పంపుతున్నాం. ఆ ఫొటో 3 మెగాబైట్లయితే, సెకనుకు 1 మెగాబిట్ వేగం గల సంబంధంపై అది రావడానికి సుమారు 24 సెకన్లు పడుతుంది. తగిన కొలతకు కుదించి 120 కిలోబైట్లు చేస్తే ఒక్క సెకను చాలు. పల్లెనుంచి, పాతఫోనునుంచి, డబ్బు లెక్కించుకొని కొన్న డేటాతో మన పుటను తెరిచే విద్యార్థికి ఈ తేడా చిన్నది కాదు.

ఏ చిత్రానికి ఏ రూపం తగునో కూడ తెలియాలి. 1992 నాటి జేపీఈజీ పద్ధతి చిత్రాన్ని 8 పిక్సెళ్ళ పొడవు, 8 పిక్సెళ్ళ వెడల్పు గల గడులుగా విభజించి, మన కన్ను గుర్తించలేని సూక్ష్మభేదాలను విడిచిపెట్టి, ఫైలును చిన్నది చేస్తుంది. ఛాయాచిత్రాలకు ఇది అనుకూలం. కాని అక్షరాలు, గీతలు ఉన్న బొమ్మలకు తగదు, అంచుల వెంట మరకలు కనబడతాయి. అట్టివాటికి ఏ వివరాన్నీ విడువని పీఎన్‌జీ, లేదా గీతలను గణితరూపంలో దాచుకొని ఎంత పెద్దది చేసినా చెదరని ఎస్‌వీజీ మేలు. 2010లో వచ్చిన వెబ్‌పీ, 2019లో వచ్చిన ఏవీఐఎఫ్ అనే రూపాలు జేపీఈజీకంటె చిన్న ఫైలులో దాదాపు అదే నాణ్యతను అందిస్తాయి.

బొమ్మగా పెట్టిన ప్రకటనకు, అక్షరాలుగా పెట్టిన ప్రకటనకు గల తేడా లెక్కలో మరింత విస్పష్టం. ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2,480 వెడల్పు, 3,508 ఎత్తు గల చిత్రం వస్తుంది. అంటే సుమారు 87 లక్షల పిక్సెళ్ళు. రంగులతో, కుదించకుండా ఉంచితే అది 26 మెగాబైట్లు. అదే ప్రకటనలో 1,000 తెలుగు సంకేతాలుంటే, ఒక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున 3 కిలోబైట్లు. ఉర్దూ అయితే 2 బైట్ల చొప్పున 2 కిలోబైట్లు. చిత్రాన్ని ఎంత కుదించినా ఈ స్వల్పత్వాన్ని అందుకోలేదు.

పుటలో చిత్రపు వెడల్పు, ఎత్తు ముందుగా తెలపడం కూడ అవసరం. లేనిచో చిత్రం ఆలస్యంగా వచ్చినప్పుడు చదువుతున్న వాక్యం ఒక్కసారిగా క్రిందికి జారుతుంది. పుటలోని ప్రధానాంశం 2.5 సెకన్లలోపు కనిపించడం మంచిదని గూగుల్ సంస్థ నిర్దేశించిన కొలమానం. పుటకు అడుగున ఉండే చిత్రాలను పాఠకుడు అక్కడికి చేరబోయేటప్పుడు మాత్రమే రప్పించే ఏర్పాటు ఉంది. మొదట కనిపించే చిత్రానికి మాత్రం ఆ ఏర్పాటు వర్తింపజేయరాదు.

దయ కాదు, హక్కు

ఇదంతా సహృదయుల ఇష్టాయిష్టాలకు వదలిన విషయమని భావించరాదు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1999 మే నెలలో వెలువరించిన మార్గదర్శక సూత్రాలలో మొట్టమొదటిదే చిత్రాలకు ప్రత్యామ్నాయ వచనం ఉండాలన్నది. 2008లో వచ్చిన రెండవ కూర్పు మరొక అడుగు ముందుకు వేసి, చిహ్నాల వంటి అనివార్య సందర్భాలలో తప్ప అక్షరాలను బొమ్మగా పెట్టరాదని, వెనుకతెరకు మామూలు అక్షరానికి మధ్య కాంతిభేదం కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని నిర్దేశించింది.

ఈ సూత్రాలు పుస్తకాలలోనే నిలిచిపోలేదు. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్ క్రీడల వెబ్‌సైటులో చిత్రాలకు ఆల్ట్ వచనం లేక తాను దానిని చదువలేకపోతున్నానని బ్రూస్ మాగ్వైర్ అనే అంధుడు 1999లో ఆస్ట్రేలియా మానవ హక్కుల సంఘానికి ఫిర్యాదు చేశాడు. సరిదిద్దడం భరించరాని భారమని నిర్వాహకులు వాదించారు. సంఘం అంగీకరించలేదు. క్రీడలు ప్రారంభమయ్యేలోగా సరిచేయవలెనని 2000 ఆగస్టులో ఆదేశించింది. పూర్తిగా పాటించనందుకు నిర్వాహకులు 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం చెల్లించవలసి వచ్చింది. ప్రపంచ క్రీడోత్సవపు వెబ్‌సైటును న్యాయపీఠం ముందు నిలబెట్టింది వ్రాయకుండా విడిచిన కొన్ని చిన్న వాక్యాలే.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. దాని 42వ విభాగం శ్రవ్య, ముద్రిత, ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని విషయం అందరికీ అందుబాటు రూపంలో ఉండేటట్లు చర్యలు తీసుకొనే బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, డిజిటల్ సేవలను పొందే హక్కు రాజ్యాంగపు 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో అంతర్భాగమని ప్రకటించింది. ఇక దీనిని దయాధర్మమని ఎవరూ అనజాలరు.

మన కర్తవ్యం

అల్పసంఖ్యాకుల విద్యాసంస్థగా మనం ఒక విషయాన్ని ఇతరులకంటె ఎక్కువగా ఎరుగుదుము. ద్వారం తెరిచే ఉన్నదని లోపలివారు అనుకోవడం వేరు, వెలుపల ఉన్నవారికి ఆ ద్వారం కనిపించడం వేరు. మన భాషకు, మన లిపికి సమాన స్థానం కావాలని కోరే మనమే, మన ముంగిట నిలిచిన చూపులేని విద్యార్థికి బొమ్మను చూపించి పొమ్మనడం న్యాయం కాదు.

ఆరంభానికి పెద్ద ధనవ్యయం అవసరం లేదు. మొదట, కార్యాలయ ప్రకటనలను ఇకపై అక్షరాలుగానే ప్రకటించాలి. సంతకం, ముద్ర చూపవలసివస్తే ఫొటోను తోడుగా ఉంచవచ్చు. రెండవది, ఇప్పటికే ఉన్న చిత్రాలలో ప్రవేశాలు, పరీక్షలు, ఉపకారవేతనాలకు సంబంధించినవాటికి ముందుగా ఆల్ట్ వచనం చేర్చాలి. ఉత్సవాల ఫొటోలు ఆ తరువాత. మూడవది, తెలుగు, ఉర్దూ విభాగాల విద్యార్థులు జట్లుగా ఏర్పడి పాత సంచికల పుటలను టైపు చేయాలి. ఒక్కొక్కరు నెలకు రెండు పుటలు చేస్తే చాలు. చిత్రవర్ణన ఒకటి రెండు వాక్యాలలో వ్రాయడం భాషావిద్యార్థులకు మంచి రచనాభ్యాసం కూడ. నాల్గవది, ప్రకటించే ముందు తెరను చూడకుండా స్క్రీన్ రీడరుతో ఒకసారి పుటను వినాలి. కన్నులు మూసుకొని విన్న అయిదు నిమిషాలు ఈ వ్యాసంకంటె ఎక్కువ నేర్పుతాయి. వీలైతే చూపులేని విద్యార్థినే పరీక్షకునిగా కూర్చుండబెట్టాలి. లోపం అతనికి తెలిసినంతగా మనకు తెలియదు.

పూర్వం ఉత్తరం చదువరాని ఇంటికి ఉత్తరం వస్తే, చదువు వచ్చిన పొరుగువాడు అరుగుమీద కూర్చుండి పైకి చదివి వినిపించేవాడు. అందులో ఉన్నది ఉన్నట్లు, తడబడకుండా, వినేవాని ముఖం చూస్తూ చదివేవాడు. ఆల్ట్ స్థానంలో మనం వ్రాసే ఒక్క వాక్యమూ అట్టి చదువే. వినేవాని ముఖం మాత్రం మనకు కనబడదు. అయినను అతడు అక్కడ ఉన్నాడని, గడువు తేదీ కోసం చెవియొగ్గి ఉన్నాడని తలచి వ్రాయడం మన కనీస ధర్మం. వచ్చే ఏడాది ఉపకారవేతనాల ప్రకటన వెలువడిన నాడు, ఆ విద్యార్థి ఫోను "చిత్రం" అని ఆగిపోక, తేదీని స్పష్టంగా పలికితే ఈ వ్యాసం వ్రాసిన మా శ్రమ ఫలించినట్లే.